మా ఇంట్లోవాళ్ళు, ఓవర్

కళ్ళద్దాల కొట్టు, పై వాటా
జనవరి 9

కొండెక్కి కూర్చున్న ఆడపడుచుకి,

మీ అన్నయ్య క్షేమం. నేనూ క్షేమమే, ఎవరూ అడగరు కాబట్టి నేనే చెప్పుకుంటున్నాను.

చూడ్డానికి ఈ ఉత్తరం నేను రాస్తున్నట్టే ఉంటుంది. నిజానికి మీ అన్నయ్య కుర్చీ లాక్కుని, నా భుజం మీంచి చూస్తూ రాయిస్తున్నారు. చేతిలో పట్టుకుని తిరిగే డిజిటల్ రేడియో కొనాలట. నీకు తెలుసుగా, సరదాకి రేడియోలో మాట్లాడుకునేవాళ్ళకిచ్చే హామ్ రేడియో లైసెన్సు తెచ్చుకుని ఇరవయ్యేళ్ళయింది. దానికి బంగారు రంగు ఫ్రేము కట్టించి, కొట్లో కళ్ళు పరీక్ష చేసే అక్షరాల అట్ట పక్కన వేలాడదీశారు. ఈ ఇరవయ్యేళ్ళలో రేడియోలో మాట్లాడింది మాత్రం వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. ఇప్పుడు క్లబ్బులో పందొమ్మిది మందీ డిజిటల్ సెట్లు కొనుక్కుని, పొద్దున్నే ఆరున్నరకి కబుర్లు చెప్పుకుంటున్నారు. ఈయన ఇరవయ్యో మనిషిగా మిగిలిపోయారు.

"ఏది కొనాలో చిన్నదాన్ని అడుగు. నేను అడిగానని రాయకు, నీకే తెలుసుకోవాలని ఉన్నట్టు రాయి" అన్నారు. పెరటి చెట్టు మందుకి పనికిరాదు కదా మరి. నువ్వు పన్నెండేళ్ళుగా వాతావరణ కేంద్రంలో రేడియో ఆపరేటర్‌వి. తుఫాను వార్తలు నీ గొంతులోంచే కిందికి దిగుతాయి. అయినా ఆయన లెక్కలో నువ్వింకా టార్చిలైటు విప్పి మళ్ళీ బిగించలేక ఏడ్చిన పిల్లవే. కాబట్టి, నాకే తెలుసుకోవాలని తెగ ఆరాటంగా ఉందమ్మా, ఏ సెట్టు మంచిది?

కస్టమరు వచ్చినట్టున్నాడు, ఆయన కిందికి వెళ్ళారు. ఇప్పుడు నా సొంత సంగతి. కుట్టు శిక్షణ కేంద్రం ప్రిన్సిపాల్ నన్ను అక్టోబరు నుంచి కటింగ్ టీచరుగా రమ్మంటోంది. బస్సులో నాలుగు గంటల దూరం. వారమంతా అక్కడ హాస్టల్లో ఉండి శనివారం ఇంటికి రావచ్చు. సెప్టెంబరు పదిహేనులోగా ఏదో ఒకటి చెప్పాలి. ఇన్నేళ్ళుగా ఈ గదిలో ఒక్కదాన్నే కూర్చుని బట్టలు కత్తిరిస్తున్నాను. నా చేతిలో ఉన్నది ఇంకో పదిమంది చేతుల్లో పెట్టాలని ఎంత ఆశగా ఉందో! మీ అన్నయ్యని అడిగాను. "చూద్దాం" అన్నారు.

నీ వదిన


వాతావరణ కేంద్రం, రెండో గది
జనవరి 27

వదినా,

వారానికి ఒక్కసారే జీపు వస్తుంది. నీ ఉత్తరం దాంట్లో బంగాళదుంపల బస్తా కింద నలిగి వచ్చింది. ఇక్కడి ఫోను సూపరింటెండెంట్ బల్లమీద ఉంటుంది, ఆయన చెవి దాని పక్కనే ఉంటుంది. ఆఫీసు సెట్టుమీద సొంత మాటలు మాట్లాడితే ఉద్యోగం ఊడుతుంది. అందుకే నువ్వు ఉత్తరాలు మానొద్దు.

నీకు తెగ ఆరాటంగా ఉందన్నావు కాబట్టి నీకే చెబుతున్నాను, అన్నయ్యకి కాదు. డిజిటల్ సెట్లు మూడు నాలుగు రకాలు. ఒక రకం ఇంకో రకంతో మాట్లాడదు. రెండూ మంచివే అయినా ఒకదానికొకటి మూగా చెవిటీ. చేతిలో పట్టే సెట్టుకి బలం తక్కువ కాబట్టి, ఎత్తయిన చోట పెట్టిన రిపీటర్ దాని మాట అందుకుని అందరికీ పంచుతుంది. మీ ఊళ్ళో అది ఆసుపత్రి మేడమీద ఉంది. కాబట్టి ముందుగా అడగాల్సింది ఒక్కటే: ఆ రిపీటర్ ఏ రకం? ఆ రకం సెట్టే కొనాలి. బ్యాటరీ రోజంతా రావాలి, బటన్లు చీకట్లో కూడా వేలికి దొరకాలి. ఇంక చూడాల్సిందేం లేదు. క్లబ్బులో ఎవర్ని అడిగినా అర నిమిషంలో చెబుతారు.

అన్నయ్యని మరీ ఆడిపోసుకోకు. నాకు రేడియో పిచ్చి పట్టించింది ఆయనే. మనిషి మంచివాడు, కాస్త నిదానం, అంతే. ఉద్యోగం సంగతి కూడా నెమ్మదిగా మళ్ళీ అడుగు.

నీ ఆడపడుచు


కళ్ళద్దాల కొట్టు, పై వాటా
మార్చి 14

అన్నయ్యగారి ముద్దుల చెల్లెలికి,

నీ జవాబు చదివి వినిపించాను. "ఇంత పెద్ద విషయానికి ఇంతేనా జవాబు? దానికేం తెలుసు!" అన్నారు.

ఆయన ఇప్పుడు పట్టిక తయారుచేస్తున్నారు. గళ్ళ కాగితాలు నాలుగు అంటించి, డైనింగ్ టేబుల్ అంతా పరిచారు. పైనుంచి కిందికి పదహారు సెట్లు, అడ్డంగా నలభై మూడు గుణాలు. మేం ఇద్దరం గోడవైపు తిరిగి, పళ్ళాలు ఒళ్ళో పెట్టుకుని తింటున్నాం. రిపీటర్ ఏ రకం అనే గడి ఆ నలభై మూడింట్లో లేదు. నేను చెప్పబోతే "మధ్యలో మాట్లాడకు, లెక్క తప్పుతుంది" అన్నారు.

ఒక సెట్టు మీటరు లోతు నీళ్ళలో అరగంట ఉన్నా పాడవదట. ఆ వరసకి రెండు నక్షత్రాలు వేశారు. మీ అన్నయ్య మీటరు లోతు నీళ్ళలో అరగంట ఉంటే రేడియో బతుకుతుంది సరే, ఈయన సంగతేమిటి? ఇంకోటి మనం ఎక్కడున్నామో ఉపగ్రహం నుంచి చూసి చెబుతుందట. కొట్టు నుంచి ఇంటికి పద్నాలుగు మెట్లు. ఆ పద్నాలుగు మెట్లలో ఈ మనిషి తప్పిపోయేది ఎక్కడ?

పొద్దంతా కొట్లో జనం కళ్ళకి అద్దాలు మార్చి మార్చి పెట్టి "ఇది బాగుందా, ఇదా?" అని అడుగుతారు. వాళ్ళు క్షణంలో చెప్పాలి, కాస్త తటపటాయిస్తే ఈయనకి చిరాకు. సెట్టు ఏదో ఇంకా తేలలేదు, దానికి తోలు సంచీ మాత్రం కొనేశారు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

ఒక చిత్రం చెప్పనా? ఆ పట్టిక శుభ్రంగా తిరగరాయమని నాకిచ్చారు. రాస్తూ రాస్తూ, అర్థంకాని మాటలకి ఆయన పాత పుస్తకాలు తిరగేస్తూ ఉంటే నాకు సగం తెలిసిపోయింది. కొలతలూ, లెక్కలూ, ఎక్కడ కోత పడితే ఎక్కడ సరిపోతుందో చూడ్డమూ. నా పనికీ దీనికీ పెద్ద తేడా లేదు. లైసెన్సు పరీక్ష ఎవరైనా రాయొచ్చా? ఊరికే అడిగాను.

ఉద్యోగం గురించి ఇంకో రెండుసార్లు అడిగాను. రెండుసార్లూ చూద్దామే.

నీ వదిన


వాతావరణ కేంద్రం, రెండో గది
ఏప్రిల్ 3

వదినా,

నువ్వు ఊరికే అడిగేదానివి కాదు. ఎవరైనా రాయొచ్చు. దరఖాస్తు కాగితం దీనితో పెడుతున్నాను, నేను రాసుకున్న నోట్సు వచ్చే జీపులో పంపుతాను. అన్నయ్యకి చెప్పు, ఆయనే పాఠం చెబుతాడు. చెప్పడం ఇష్టం లేకపోతే నీ ఇష్టం.

పుస్తకంలో అంత గట్టిగా రాయని సంగతి ఒకటి చెబుతాను. రేడియోలో ఇద్దరూ ఒకేసారి మాట్లాడ్డానికి లేదు. బటన్ నొక్కినవాళ్ళు మాట్లాడుతుంటే రెండోవాళ్ళ బటన్ పనిచెయ్యదు. నువ్వు "ఓవర్" అనేదాకా అవతలివాడు నోరు మూసుకుని వినాల్సిందే. మా ఇంటి మగవాళ్ళందరికీ పుట్టినప్పుడే ఒక్కో సెట్టు కట్టి ఉంటే బాగుండేది.

ఇదిగో, నేను కూడా అన్నయ్యని అనేశాను. నీ సావాసం.

నీ ఆడపడుచు


కళ్ళద్దాల కొట్టు, పై వాటా
జూన్ 30

గురువుగారికి,

పాసయ్యాను! లైసెన్సు వచ్చింది. మార్కులు మీ అన్నయ్య ఫ్రేములో ఉన్న మార్కులకంటే పదకొండు ఎక్కువ. కాగితం బొత్తాల డబ్బాలో దాచాను. ఆయనకి చెప్పలేదు. చెబుదామనే మొదలుపెట్టాను, "నేనొక పరీక్ష..." అనేసరికి "కళ్ళ పరీక్షా? ఆదివారం చేస్తాలే" అన్నారు.

ఇక అసలు కబురు. మీ అన్నయ్య సెట్టు కొన్నారు. ఐదు నెలలు, నలభై మూడు గుణాలు, నాలుగు గళ్ళ కాగితాలు. అన్నిట్లోనూ మొదటి మార్కు వచ్చిన సెట్టే కొన్నారు. పెట్టె తెరిచి, తోలు సంచీలో పెట్టి (పట్టలేదు, సంచీ నేను విప్పి కుట్టాల్సి వచ్చింది) పొద్దున్నే పార్కుకి వెళ్ళారు. మూడు వారాలు రోజూ వెళ్ళారు. ఒక్క మనిషి కూడా పలకలేదు. "ఈ ఊళ్ళో మన స్థాయికి తగ్గవాళ్ళు లేరు" అని తేల్చేశారు. ఏమయిందో నీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. ఆసుపత్రి మేడమీది రిపీటర్ వేరే రకం.

చివరికి క్లబ్బులో ఒకాయన జాలిపడి, తన దగ్గరున్న సరైన రకం సెట్టు ఇచ్చి ఇది పుచ్చుకున్నాడు. మళ్ళీ వెళ్ళారు. ఇంటికొచ్చిన మొహం చూడాలి, వెలిగిపోతోంది. ఎవరో పెద్దమనిషి దొరికాడట. ఎంతో మర్యాదస్తుడట. ఈయన "గొంతు బ్రహ్మాండంగా వస్తోంది" అంటే ఆయనా అదే అన్నాడట. "ఈ కాలంలో రేడియో విలువ తెలిసినవాళ్ళు తక్కువ" అంటే ఆయన కూడా సరిగ్గా అదే మాట అన్నాడట. "అచ్చం నా అభిప్రాయాలే!" అని పొంగిపోయారు. వారం రోజులు అలాగే సాగింది.

నీ నోట్సులోనే చదివాను కాబట్టి నాకు అర్థమైంది. మన గొంతు ఎలా వెళుతోందో పరీక్షించుకోడానికి చిలక చానల్ ఒకటి ఉంటుంది కదా, మనం అన్నది నాలుగు క్షణాల తర్వాత మనకే వినిపించేది. ఈయన వారం రోజులు మాట్లాడింది ఆ చిలకతో. డిజిటల్లో అందరి గొంతులూ రేకు డబ్బాలోంచి వచ్చినట్టు ఉంటాయి కాబట్టి తన గొంతు తనే పోల్చుకోలేదు. క్లబ్బువాళ్ళు చెప్పాక రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. నవ్వాను కానీ, పాపం అనిపించింది కూడా.

తొమ్మిదిసార్లు అడిగాను. చూద్దాం, చూద్దాం.

నీ వదిన


వాతావరణ కేంద్రం, రెండో గది
జులై 15

లైసెన్సుదారు వదినగారికి,

నేను పడీపడీ నవ్వుతుంటే సూపరింటెండెంట్ వచ్చి వర్షపాతం కొలిచే గాజు పగిలిందా అని అడిగాడు.

జీపు డ్రైవరు చేతికి పొట్లం ఒకటి ఇచ్చాను. అందులో నా సొంత సెట్టు ఉంది, ఇక్కడ నాకు వాడే వీలు లేదు. మీ ఊరి రకమే. నీ పేరుతో సెట్టుకి నంబరు కూడా నమోదు చేయించాను, చానళ్ళన్నీ నింపి పంపుతున్నాను. అన్నయ్యని ఆశ్చర్యపరుద్దువుగాని. ఒకరోజు ఆటపట్టించి చెప్పెయ్యి, సరదాగా ఉంటుంది.

నీ ఆడపడుచు


కళ్ళద్దాల కొట్టు, పై వాటా
ఆగస్టు 11

పొట్లం పంపిన పుణ్యాత్మురాలికి,

ఒకరోజు అన్నావు. ఇవాళ్టికి పందొమ్మిదో రోజు.

మొదటిరోజు ఆయన పార్కుకి వెళ్ళగానే వంటగది కిటికీ దగ్గర నిలబడి బటన్ నొక్కాను. లైసెన్సులో ఇచ్చిన నా స్టేషన్ పేరు, అదే ఆ అక్షరాలూ అంకెలూ చెప్పి, "వినిపిస్తోందా? ఓవర్" అన్నాను. "చాలా చక్కగా వినిపిస్తోంది సార్!" అని జవాబు. సారెవరా అని వెనక్కి తిరిగి చూశాను.

నా బొంగురు గొంతు సంగతి నీకు తెలుసు. బళ్ళో పాటలప్పుడు పెదాలు మాత్రం కదుపు అనేవాళ్ళు. పైగా రేకు డబ్బా. పైగా మన భాష కూడా నాకే సాయం చేసింది. "నేను వచ్చాను, నేను వెళ్ళాను" అంటే ఆడో మగో ఎవరికి తెలుస్తుంది? మీరేం చేస్తుంటారని అడిగారు. "కొలతలు తీసి బట్టలు కత్తిరిస్తానండీ" అన్నాను. "ఓహో, టైలర్ మాస్టారా!" అన్నారు. అప్పట్నుంచీ నేను మాస్టారుని. ఒక్క అబద్ధం కూడా చెప్పలేదు, ఒట్టు.

నీకొకటి చెప్పాలి. ఈయన వింటారు! నేను చొక్కా చంకకోత గురించి ఆరు నిమిషాలు చెబితే ఆరు నిమిషాలూ విన్నారు. భుజం వంపు సరిగ్గా తీయకపోతే చెయ్యెత్తినప్పుడు చొక్కా మొత్తం పైకి ఎందుకు లేస్తుందో చెప్పాను. "ఎంత లోతుందండీ మీ విద్యలో!" అన్నారు. అరగంట తర్వాత ఇంటికొచ్చి, "ఏమోయ్, టీ ఏదీ?" అన్నారు. టీ ఇచ్చి, ఆ చొక్కా భుజం కుట్టేటప్పుడు ఏమైందంటే అని మొదలుపెట్టాను. పేపరు అడ్డం పెట్టుకున్నారు.

మా ఇంట్లోవాళ్ళు వంటగదిలో అడుగుపెట్టరని నేనంటే, "మా ఇంట్లోవాళ్ళు అందులోంచి బయటికే రారు సార్" అని ఆయన నవ్వారు. ఇంట్లోవాళ్ళంటే ఆయన లెక్కలో పెళ్ళాం. నా లెక్కలో ఎవరో నీకు చెప్పక్కర్లేదు.

నీ మాస్టారు వదిన


వాతావరణ కేంద్రం, రెండో గది
ఆగస్టు 24

వదినా,

ఈ ఉత్తరం నవ్వుతూ రాయడం లేదు.

మాట్లాడేవాళ్ళ పేరు సెట్టు తెరమీద కనిపిస్తుందని నీకు తెలుసా? పేర్ల జాబితా అందులో నింపుకుంటే కనిపిస్తుంది, నింపుకోకపోతే నంబరు మాత్రమే. అన్నయ్య నింపుకుని ఉండడు, ఆయన సెట్టుతో వచ్చిన పుస్తకం చదవడం అవమానం అనుకునే రకం. క్లబ్బులో మిగతావాళ్ళు అందరూ నింపుకున్నారు. నువ్వు బటన్ నొక్కినప్పుడల్లా పందొమ్మిది తెరలమీద నీ పేరు వెలుగుతోంది. అందులో ఒకాయన నాకు పాత స్నేహితుడు. "రోజూ ఆరున్నరకి ఊపిరి బిగబట్టి వింటున్నాం, మధ్యలో ఎవరం దూరడం లేదు" అని రాశాడు.

వాళ్ళంతా మా అన్నయ్యని చూసి నవ్వుతున్నారు వదినా. ఆయనకి క్లబ్బు తప్ప ఇంకేముంది? చిలకతో మాట్లాడినందుకే రెండు రోజులు అన్నం మానేసినవాడు, ఇది తెలిస్తే ఏమైపోతాడు? నేనే నీకు సెట్టు పంపాను, తప్పు నాదే. ఇక ఆపెయ్యి. లేదంటే ఇవాళే చెప్పెయ్యి.

నీ ఆడపడుచు


కళ్ళద్దాల కొట్టు, పై వాటా
సెప్టెంబరు 16

అన్నయ్యగారి చెల్లెలికి,

మీ అన్నయ్య పరువు గురించి నువ్వు పేజీ నిండా రాశావు. నా ఉద్యోగం ఏమైందని ఒక్క ముక్క అడగలేదు. గడువు నిన్నటితో అయిపోయింది.

పేర్లు కనిపిస్తాయని నాకు తెలియదు. చదివి సిగ్గుపడ్డాను. ఆ రోజే చెప్పేద్దామని సెట్టు చేత్తో పట్టుకుని ఆయన ఎదురుగా నిలబడ్డాను. "అదేమిటి, కొత్త సెల్‌ఫోనా? తర్వాత చూస్తాలే" అన్నారు. తల కూడా ఎత్తలేదు. అప్పుడు నా సిగ్గు కోపంలోకి తిరిగింది.

పద్నాలుగో తారీకు పొద్దున్న రేడియోలోనే అడిగాను. "మాకు వేరే ఊళ్ళో పాఠాలు చెప్పే ఉద్యోగం వచ్చిందండీ. మా ఇంట్లోవాళ్ళు ఏదీ తేల్చరు. పదకొండుసార్లు అడిగాను, పదకొండుసార్లూ చూద్దాం అన్నారు. రేపటితో గడువు. ఓవర్."

మీ అన్నయ్యకి ఎంత కోపం వచ్చిందో నువ్వు వినాల్సింది. "మాస్టారూ, ఈ ఇంట్లోవాళ్ళంతా ఇంతే! చూద్దాం అంటే వద్దని అర్థం. పైగా వద్దని చెప్పే ధైర్యం కూడా లేదని అర్థం. మీ చేతిలో అంత విద్య ఉంది, నలుగురికి చెబుదామనుకుంటే గుమ్మానికి అడ్డంగా కూర్చుంటారా? ఇంక అడక్కండి, చెప్పండి. పెట్టె సర్దుకుని వెళ్ళండి. ఓవర్."

చానల్లో ఎవరూ దగ్గలేదు కూడా. నేను ఊరుకుని ఉండాల్సింది. ఊరుకోలేకపోయాను. "మీ ఇంట్లోవాళ్ళకి ఇలాంటి అవకాశం వస్తే మీరేమంటారండీ? ఓవర్."

నవ్వారు. "మా ఇంట్లోవాళ్ళకా? ఆవిడకి అలాంటివేం లేవు మాస్టారూ. ఎప్పుడూ ఏదీ అడగదు. పాపం, మంచి మనిషి. ఓవర్."

కిటికీ దగ్గరే చాలాసేపు నిలబడిపోయాను. ఏడుపు వచ్చింది, దాచడం దేనికి? తర్వాత మొహం కడుక్కుని, ప్రిన్సిపాల్‌కి ఫోన్ చేసి వస్తున్నానని చెప్పాను. మధ్యాహ్నం భోజనం దగ్గర ఆయనకి చెప్పాను, "అక్టోబరు ఒకటిన చేరుతున్నాను" అని. సెట్టు ఏరియల్ తుడుచుకుంటూ "చూద్దాం" అన్నారు.

నా మీద కోపం ఉంటే ఉండనీ. నేను వెళ్ళేది ఆయన సలహా మీదే.

నీ వదిన


కళ్ళద్దాల కొట్టు
అక్టోబరు 24

చిన్నదానికి ఆశీర్వచనాలు,

నీకు ఉత్తరం రాయడం నాకిదే మొదలు. ఇన్నాళ్ళూ మీ వదిన రాసేది. ఆవిడ ఏదో కుట్టు బడిలో ఉద్యోగమని వెళ్ళింది. చెప్పకుండానే వెళ్ళింది, చెప్పానని వాదిస్తోంది. శనివారాలు వచ్చి గిన్నెలు సర్ది వెళుతోంది. అది అలా ఉంచు.

నేను రాసేది వేరే విషయం. రేడియోలో నాకొక స్నేహితుడు దొరికాడు. టైలర్ మాస్టారు. చదువు పెద్దగా లేకపోవచ్చు కానీ ఎంత తెలివి, ఎంత ఓర్పు! ఆయన చెబుతుంటే ఒక మామూలు చొక్కాలో ఇంత ఉందా అనిపించేది. నేను చెప్పింది కూడా శ్రద్ధగా వినేవాడు. పొద్దున్న ఆయన గొంతు వింటే ఆ రోజంతా కొట్లో చిరాకు పడకుండా ఉండేవాణ్ణి. ఇరవై నాలుగు రోజులుగా రావడం లేదు. ఇంట్లోవాళ్ళు ఉద్యోగానికి వెళ్ళనివ్వడం లేదని చెప్పుకున్నాడు పాపం. మహా గయ్యాళి అయి ఉంటుంది. ఉద్యోగం మాని కూర్చున్నాడో, ఒంట్లో బాగాలేదో తెలియడం లేదు. నాకు మనసు మనసులో లేదు.

క్లబ్బులో అడిగితే అందరూ ఎవరి బూట్లు వాళ్ళు చూసుకుంటున్నారు. నా తెరమీద నంబరు మాత్రమే పడుతుంది, చివరి మూడంకెలు 417. ఎవరిదో కాస్త కనుక్కుని రాయి. నేను అడిగానని ఎవరికీ చెప్పకు.

అన్నయ్య


వాతావరణ కేంద్రం, రెండో గది
నవంబరు 5

అన్నయ్యా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను.

417 వదినది. సెట్టు నేను పంపాను. లైసెన్సు ఆవిడ తెచ్చుకుంది, మార్కులు నీకంటే ఎక్కువ. గయ్యాళివి నువ్వే. క్లబ్బులో అందరికీ మొదటిరోజు నుంచీ తెలుసు. నవ్వినవాళ్ళలో నేనూ ఉన్నాను కాబట్టి ముందు నన్ను తిట్టు. మధ్యలో నీ పరువు పోతుందని వదిన మీదే కోప్పడ్డాను. అదింకా పెద్ద తప్పు.

నీ స్నేహితుడికి ఒంట్లో బాగానే ఉంది. ఉద్యోగం మానలేదు. ఆ ఊరి రిపీటర్ వేరే రకం, అందుకే ఆ సెట్టు అక్కడ మూగపోయింది. ఇంక రేడియోతో పని జరగదు అన్నయ్యా. ఆ ఊరికి పొద్దున్న ఏడింటికి బస్సుంది.

చిన్నది


కుట్టు శిక్షణ కేంద్రం, మహిళల హాస్టల్
నవంబరు 18

చిట్టి ఆడపడుచుకి,

సోమవారం పదకొండున్నరకి క్లాసు మధ్యలో మీ అన్నయ్య గుమ్మంలో నిలబడ్డారు. ఇరవై రెండు మంది అమ్మాయిలు కత్తెరలు ఆపి చూశారు. మొహం ఎర్రగా ఉంది. "నీతో మాట్లాడాలి" అన్నారు. "క్లాసయ్యాక" అన్నాను. నా నోట్లోంచి ఆ మాట వచ్చిందని నాకే నమ్మకం కలగలేదు. వెళ్ళి ఆఖరి బల్లమీద, కుట్టుమిషన్ పక్కన కూర్చున్నారు. నేను గంటన్నర చొక్కా చేతుల కోత చెప్పాను. మొదట్లో రెండుసార్లు కొలత తప్పు చెప్పాను, తర్వాత ఆయన ఉన్నారన్న సంగతే మర్చిపోయాను.

అమ్మాయిలు వెళ్ళగానే మొదలుపెట్టారు. పందొమ్మిది మంది ముందు నవ్వులపాలు చేశావన్నారు. ఆ క్లబ్బు మెట్లు ఇంక ఎలా ఎక్కుతానన్నారు. నేను కాదనలేదు. "అవును, మొదట్లో నేనూ నవ్వుకున్నాను. తర్వాత నవ్వడం మానేసి, ఎప్పుడు ఆరున్నరవుతుందా అని ఎదురుచూశాను. అలా వినే మనిషిని వదులుకోలేకపోయాను. మీరు ఆ పార్కులోంచి ఇంటికి మాత్రం ఎప్పుడూ రాలేదు" అన్నాను. ఈ మాట నీకు కూడా ఇన్నాళ్ళూ రాయలేదు. పౌరుషం అడ్డొచ్చింది.

"ఇవన్నీ నాకెప్పుడైనా చెప్పావా?" అన్నారు. "ఇరవై ఎనిమిదేళ్ళుగా చెబుతున్నాను" అన్నాను.

మూడింటి బస్సుకి స్టాండు దాకా దిగబెట్టడానికి వెళ్ళాను. మా ఆయన తప్పు ఒప్పుకునే మనిషి కాదని నీకు తెలుసు, ఆ రోజు కూడా ఒప్పుకోలేదు. బస్సు ఇంజను స్టార్టు చేశాక, మెట్టుమీద కాలు పెట్టబోయి ఆగారు. నా వైపు తిరిగారు కానీ మొహంలోకి చూడలేదు.

"మాస్టారూ, మీకిక్కడ బాగానే ఉందా అండీ?" అన్నారు.

హాస్టల్ గది ఎలా ఉందో చెప్పడం మొదలుపెట్టాను. పక్క మంచం ఆవిడ గురకా, రోజూ ముందు బల్లమీద కూర్చునే అమ్మాయి ఎడమచేత్తో కత్తిరించే తీరూ, మొదటివారం నేను బెంగపెట్టుకుని తిరిగొచ్చేద్దామనుకున్న సంగతీ, అన్నీ చెప్పాను. నలభై నిమిషాలు పట్టింది. బస్సు ఎప్పుడో వెళ్ళిపోయింది, ఆయన చూడనే లేదు.

నీ వదిన